నీలి గీత మేకు

"నేనే చంపాను. నాలుగింటికి కోర్టులో సంతకం పెట్టేస్తాను. ఇంక నువ్వు అడిగేదేముందిరా అబ్బాయ్?"

ఓర్వల్ స్టైల్స్ ఆ మాట అని, శుభ్రంగా ఉన్న స్పానర్‌నే మళ్ళీ గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. డెబ్బై దాటిన మనిషి. ఆయన గరాజులో ఆ పూట ఒక్క బండీ లేదు. బయట మాత్రం హార్లన్ టీగ్ పికప్ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. సెప్టెంబరు ఎండలో పాత కార్బురేటర్ బండిని వేడిమీద ఆపితే అందులో పెట్రోలు మరిగి, మళ్ళీ స్టార్టు కావడానికి గంట పడుతుంది. అందుకని ఆ కొండ ఊళ్ళో ఎవరూ చిన్న పనికి దిగినప్పుడు ఇంజను ఆపరు.

హార్లన్ ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు పాత పికప్‌లు కొని అమ్మాడు. నడుం పట్టేశాక లైసెన్సు తీసుకుని లాయర్ల తరఫున కేసులు వాకబు చేస్తున్నాడు. రెండు పనుల్లోనూ అతనికి ఒకటే లెక్క: అమ్మేవాడు ఎక్కడ లోపం లేదంటాడో అక్కడే వేలు పెట్టి చూడాలి. లోపమంతా నా సరుకులోనే ఉందని మొత్తుకునే మనిషి మాత్రం అతనికి ఇన్నేళ్ళలో తగల్లేదు. ఇక్కడ ఎక్కడ వేలు పెట్టాలో తెలియడం లేదు.

"అడిగేదుంది పెద్దాయనా. ఆ గురువారం పొద్దున ఏం చేశావో మొదట్నుంచి చెప్పు."

"అందరికీ చేసేదే చేశాను. ముందు రోజు పొగ పరీక్షకి డెల్బర్ట్ బండికి గొట్టాలన్నీ తగిలించాను. పాసయింది. మర్నాడు మళ్ళీ పీకేశాను."

ఆ ఊళ్ళో అది రెండేళ్ళకోసారి వచ్చే తద్దినం. కాలిఫోర్నియాలో బండి రోడ్డెక్కాలంటే పొగ పరీక్ష నెగ్గాలి. పాత పికప్ ఇంజను మీద పొగ తగ్గించడానికని కంపెనీవాళ్ళు సేమ్యాలా చుట్టిన సన్న నల్లగొట్టాలుంటాయి. ఇంజను గాలి పీల్చే లాగుడుని, అంటే వాక్యూమ్‌ని, అవి తలా ఒక మూలకి మోస్తాయి. అన్నీ తగిలిస్తే బండి కొండ ఎక్కుతూ ఉబ్బసం రోగిలా ఆయాసపడుతుంది. కాబట్టి పరీక్షకి తగిలిస్తారు, పరీక్ష అయ్యాక పీకి, గొట్టాల మూతుల్లో గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న చెక్క మేకులు దూరుస్తారు. గోల్ఫ్ కర్ర పట్టుకోవడం రాని ఊళ్ళో డబ్బాల కొద్దీ గోల్ఫ్ మేకులు ఖర్చవుతాయి. అది చట్టప్రకారం నేరం. అందుకే ఓర్వల్ తరఫున సాక్ష్యానికి రమ్మంటే ఊరంతా తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది.

"మేకులు ఎలా పెడతావు?"

"ఎలా ఏంటి, గ్యాస్కెట్ జిగురులో ముంచి పెడతాను. లేకపోతే ఎండిపోయి ఊడిపోతాయి. మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి."

"బ్రేకుల గొట్టం ముట్టుకున్నావా?"

ఓర్వల్ స్పానర్ కింద పెట్టాడు. "అదే గుర్తు రావట్లేదురా."

"అది నా బొటనవేలంత లావుంటుంది. పొగతో దానికి సంబంధం లేదు. యాభై ఏళ్ళ చేయి దాని దగ్గరికి ఎందుకు పోతుంది?"

"కంటికి పొర వచ్చింది. నల్లగొట్టాలన్నీ నల్లగానే ఉంటాయి. ఎదురుగా పోలీసామె గొట్టం పట్టుకుని చూపించింది, దాని మూతిలో మేకు ఉంది. ఆ బండి మీద మేకులు పెట్టింది నేను కాక ఇంకెవడు? పడుకుంటే ఆ మేకు నేను దూర్చినట్టే కనిపిస్తోంది. ఇప్పుడు నిజంగా చేశానో, కలలో చేశానో కూడా తేడా తెలియట్లేదు." ఆయన గొంతు ఏ ఎత్తుపల్లం లేకుండా సాగింది. "డెల్బర్ట్ నాకిరవై ఏళ్ళ ఖాతాదారు. మ్యూల్ ఘాట్ దిగుతూ, బేరిపళ్ళ లోడుతో, బ్రేకు రాయిలా మారిపోతే ఆ మనిషి ఏమనుకునుంటాడు? ఓర్వల్ గాడు చంపేశాడురా అనుకునుంటాడు."

ఓర్వల్ స్పానర్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అయినా వాడు ఆ రోజే ఎందుకు దిగాడో నాకర్థం కాలేదు. శనివారం మార్కెట్టు పెట్టుకుని గురువారం పళ్ళు దించుకుపోవడమేంటి? నీకేమన్నా చెప్పాడా?"

"లేదు," అన్నాడు హార్లన్.

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. డెల్బర్ట్ పైక్ ఆ ఊరి నీటి కాలువ లష్కరు; ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి వదలడం అతని ఉద్యోగం. ఆ రోజు పళ్ళు దించడం ఒక వంక. అసలు పని కింద ఊరి నీటి బోర్డులో ఉంది. రాత్రులు తూము ఎత్తి దొంగనీళ్ళు మళ్ళిస్తున్నది ఎవరో రాసివ్వడానికి వెళ్తున్నాడు. ఆ సంగతి అతను ముందుగా హార్లన్ ఒక్కడికే చెప్పాడు. హార్లన్ ఇంకొక్క చెవిలో వేశాడు. వారం రోజులుగా ఆ ఒక్క చెవి సంగతి అతని ఆలోచనలోకి రాబోయినప్పుడల్లా, బాకీదారుని చూసి సందు తిరిగినట్టు అతని మనసు పక్కకి తిరుగుతోంది.

వాకిట్లో ఇంకో పికప్ వచ్చి ఆగింది. దాని ఇంజనూ ఆగలేదు. హార్లన్ తమ్ముడు రాయిస్ దిగి, భుజాన బేరిపళ్ళ పెట్టెతో లోపలికొచ్చాడు.

"పెద్దాయనా, కాస్త తిను. చిక్కిపోతున్నావ్," అని పెట్టె బల్ల మీద దించాడు. అక్కడ అప్పటికే ఒక పెట్టె ఉంది, సగం కూడా ఖాళీ కాలేదు. "అన్నా, నువ్వూ ఇక్కడే ఉన్నావా?"

"రెండో పెట్టెరా ఇది," అన్నాడు ఓర్వల్, సిగ్గుపడుతున్నట్టు. "మీ తమ్ముడు బంగారం."

చెట్టు కింద రాలిన కాయని కూడా తూకం వేసి అమ్మే మనిషి రాయిస్. ఊరికే వచ్చే సరుకు అడుగున ఎక్కడో ధర చీటీ అంటుకునే ఉంటుందని హార్లన్‌కి తెలుసు. అతను పెట్టె వంక చూశాడు గాని చీటీ కోసం వెతకలేదు.

రాయిస్ అతన్ని వాకిట్లోకి తీసుకొచ్చాడు. "ఎందుకన్నా ముసలాయన్ని ఇంకా కెలుకుతావు? సంతకం పెట్టేస్తే జైలు కూడా ఉండదని లాయరే అంటున్నాడుగా. ఇంటిపట్టున ఉంటాడు."

"ఉండడు. వచ్చే చలికాలం లోపల పోతాడు. ఆయన మొహం చూశావా?"

"చూశాను," అన్నాడు రాయిస్, తన బూటు వంక చూస్తూ. "ఇప్పుడెక్కడికి?"

"బండి చూడ్డానికి. తర్వాత డెల్బర్ట్ ఆగిన ప్రతి చోటికీ."

"గ్లెన్నా కాటాకి కూడానా?"

"అక్కడా ఆగాడు కదా."

"ఆవిడకేం తెలుసు, తూకం వేయడం తప్ప," అని రాయిస్ నవ్వి బండెక్కాడు.

*

షెరీఫ్ వాళ్ళ పై ఊరి స్టేషను వెనక, ముళ్ళకంచె లోపల డెల్బర్ట్ పికప్ ఉంది. ముందు భాగం ముడుచుకుపోయి, బానెట్ గుడారంలా పైకి లేచింది. సార్జెంట్ కార్మెన్ ఎస్పినోజా గేటు తాళం తీస్తూ పలకరించింది.

"రండి బేరంగారూ. ఈ బండి మాత్రం అమ్మకానికి లేదు."

"కొనడానికి రాలేదు సార్జెంటుగారూ. మీరు కట్టిన ధర ఎక్కువో తక్కువో చూసి పోదామని."

"నేను కట్టిన ధర మీ కక్షిదారుడే ఒప్పుకున్నాడు. మధ్యలో మీ దళారీ దేనికి?"

ఆమె బక్కపలచని మనిషి. చేసే పని చక్కగా చేస్తుంది, చేసినట్టు ఎదుటివాడికి తెలియాలనీ చూస్తుంది. రెండేళ్ళ కిందట ఒక దొంగ ట్రాక్టర్ కేసులో హార్లన్ ఆమె లెక్క తప్పని కోర్టులో రుజువు చేశాడు. అప్పటినుంచి ఆమె అతన్ని ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు.

హార్లన్ ఇంజను మీదికి వంగాడు. కార్బురేటర్ చుట్టూ పీకేసిన సన్నగొట్టాలు, ఒక్కోదాని మూతిలో ఒక్కో తెల్ల మేకు. ప్రతి మేకు మెడకీ గోధుమరంగు జిగురు వలయంలా గట్టిపడి ఉంది. అవి ఓర్వల్ చేతి ముద్రలే. తర్వాత అతను లావు గొట్టం పట్టుకున్నాడు. ఇంజను నుంచి వాక్యూమ్‌ని బ్రేకు బూస్టర్‌కి, అంటే కాలికి బలం అరువిచ్చే ఆ గుండ్రటి డబ్బాకి, మోసుకెళ్ళే గొట్టం అది. డబ్బా దగ్గర ఊడి ఉంది. దాని మూతిలో కూడా మేకు.

"ఇది చూశారా?"

"వారం కిందటే చూశాను. ఫొటో కూడా తీయించాను."

"దీనికి జిగురు లేదు."

ఎస్పినోజా వంగి చూసింది. "మేకు మేకే. జిగురు అయిపోయుంటుంది."

"ఇందాకే చూసొచ్చాను, జిగురు డబ్బా సగం నిండుగా ఉంది. ఆయనకి జిగురు లేనిదే చెయ్యి కదలదు."

"ముసలాయన మర్చిపోయాడు. లావు గొట్టమని కూడా మర్చిపోయాడు కదా."

"సరే, మర్చిపోయాడనే అనుకుందాం. మరి గరాజులోనే ఈ గొట్టం పీకి ఉంటే ఏమవుతుంది? డబ్బాలో మిగిలిన వాక్యూమ్ రెండు తొక్కులకి వస్తుంది. మూడోసారి తొక్కితే పెడల్ బండరాయి. డెల్బర్ట్ గరాజు నుంచి పోస్టాఫీసుకెళ్ళాడు, దాణా కొట్టుకెళ్ళాడు, ఇంటికెళ్ళి పళ్ళు ఎక్కించుకున్నాడు. అన్ని చోట్లా బండి ఆగింది కదా?"

"నాకు బ్రేకులు నేర్పకండి. మా నాన్న పడిపోయిన లారీలు లాక్కొచ్చేవాడు, నేను ఆ క్యాబినులో పెరిగాను," అంది ఎస్పినోజా తాపీగా. "ఖాళీ బండిని, ఊళ్ళో మెల్లగా పోయేదాన్ని, బలంగా తొక్కితే ఆపొచ్చు. డెల్బర్ట్ కాళ్ళు ఎద్దు కాళ్ళు. పెడల్ బిగుసుకుందని విసుక్కుని ఉంటాడు, రేపు ఓర్వల్‌కి చూపిద్దామనుకుని ఉంటాడు. లోడెక్కాక, ఘాట్‌లో, ఆ కాళ్ళు చాల్లేదు. ఏమంటారు?"

ఆమె బేరం బాగానే ఆడింది.

"లోడెక్కాక అతను ఆగింది ఒక్కచోటే," అంది ఆమె, మెల్లగా. "గ్లెన్నా పర్డీ కాటా మీద. అక్కడ లోడు బండి ఎలా ఆగిందో చూసిన మనిషినెవరినైనా పట్టుకురండి, నేనే ప్రాసిక్యూటర్‌కి ఫోను చేసి కాగితం ఆపిస్తాను. నాలుగు లోపల. తర్వాత మాత్రం నా దగ్గరికి రాకండి."

"మీకెందుకు ఇంత దయ?"

"దయ కాదు. ఒప్పుకున్నవాడు నిద్రపోవాలి. ముసలాయన నిద్రపోవట్లేదు. నాకది నచ్చలేదు." ఆమె గేటు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంకోటి. అతను ఆ రోజు కిందికి దిగుతున్నట్టు ఎవరికి తెలుసు?"

"ఊళ్ళో అడిగారా?"

"అడిగాను. ఎవరూ తెలుసనలేదు. మిమ్మల్ని ఇప్పుడడుగుతున్నాను."

హార్లన్ మేకునే చూస్తున్నాడు. జిగురు లేని ఆ తెల్ల మేకు తల కింద, గోరుతో గీసినంత సన్నంగా, నీలి గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది.

"నాకేం తెలుస్తుంది," అన్నాడు.

ఎస్పినోజా అతని మొహం కాస్త ఎక్కువసేపే చూసింది. "బయట మీ ఇంజను చాలా చక్కగా తిరుగుతోంది. గొట్టాలన్నీ ఉంటే ఇలా తిరగదే. ఓసారి బానెట్ ఎత్తండి, చూద్దాం."

"వారంటు తెచ్చుకోండి."

"తెస్తే ఊరందరికీ తేవాలి. తిలాపాపం తలా పిడికెడు," అని నవ్వి ఆమె లోపలికెళ్ళిపోయింది.

బండెక్కి తలుపేసుకున్నాక హార్లన్ వేళ్ళు వాటంతటవే సిగరెట్ బూడిద పెట్టె లాగాయి. సిగరెట్లు మానేసి చాలా కాలమైంది. ఆ పెట్టెలో ఇప్పుడు గోల్ఫ్ మేకులున్నాయి. తెల్లవి, తల కింద నీలి గీత ఉన్నవి.

వసంతంలో కింద ఊరి లాయరొకడు అతన్ని గోల్ఫ్ క్లబ్బుకి భోజనానికి పిలిచాడు. ఊరికే వస్తున్నాయి కదా అని అక్కడి గిన్నెలోంచి రెండు జేబుల నిండా మేకులు నింపుకొచ్చాడు హార్లన్. ఒక జేబు తను ఉంచుకున్నాడు. రెండోది రాయిస్‌కి ఇచ్చాడు. "ప్రతిసారీ ఓర్వల్‌కి పైసలెందుకు పొయ్యడం, నేను నేర్పిస్తాగా," అని, ఒక ఆదివారం తమ్ముడి బండి బానెట్ ఎత్తి, గొట్టాలు ఒక్కొక్కటే వేలితో చూపించి నేర్పాడు. ఇది తీసెయ్, ఇది ఉంచు, ఇది కార్బురేటర్‌ది. చివర్లో లావు గొట్టం పట్టుకుని చెప్పిన మాట ఇప్పుడు అచ్చంగా గుర్తొచ్చింది.

"దీని జోలికి మాత్రం పోకు. ఇది బ్రేకులది. మూడో తొక్కుకి బండి నీ మాట వినదు."

ఆ క్లబ్బులో రోజుకెంతమంది ఆడతారు, వాళ్ళలో ఎంతమంది జేబులు నింపుకుంటారు, జిల్లాలో ఇలాంటి మేకులు ఎన్ని వేలుంటాయి అని హార్లన్ లెక్కవేశాడు. లెక్క తప్పేమీ లేదు. అయినా కూడిక కుదరలేదు. డెల్బర్ట్ ఆ మంగళవారం హార్లన్ వంటింట్లో కాఫీ తాగుతూ అన్న మాట ఆ కూడికలో పదే పదే అడ్డొచ్చింది.

"తూము ఎత్తుతున్నది మీ రాయిస్, హార్లన్. గురువారం వెళ్ళి రాసిస్తాను. నీకు ముందే చెప్పడం న్యాయమనిపించింది."

న్యాయమనే అనుకుని ఆ సాయంత్రమే హార్లన్ తమ్ముడి చెవిన వేశాడు. తూము దించెయ్, డెల్బర్ట్ ఇంటికెళ్ళి క్షమాపణ అడుగు, గురువారం లోపల సర్దుకో అన్నాడు. రాయిస్ తల ఊపాడు. అన్న మాట జవదాటని తమ్ముడిలాగే ఊపాడు. గురువారం లోపల కాదు, గురువారమే సర్దేశాడన్న మాట.

*

గ్లెన్నా పర్డీ పళ్ళ షెడ్డు ఘాట్ మొదట్లో ఉంటుంది. వెనక వరసగా రాయిస్ బేరి తోట. కోర్టుకి పోవాలంటే షెడ్డు ముందునుంచే కిందికి దిగాలి. హార్లన్ కాటా పక్కన బండి ఆపి, ఇంజను అలాగే వదిలి, లోపలికెళ్ళాడు.

గ్లెన్నా కాటా కిటికీ దగ్గర కూర్చుని శాండ్‌విచ్ తింటోంది. అరవై ఏళ్ళ విధవ. బరువు తూచేటప్పుడు సొంత చెల్లెలికైనా అర కిలో వదలదని పేరు.

"ఓర్వల్ కేసు కోసమేనా? నేను చెప్పాల్సింది ఆ పోలీసామెకి చెప్పేశాను. బండి వచ్చింది, తూచాను, చీటీ ఇచ్చాను, పోయింది."

"ఒక్కటి అడుగుతాను గ్లెన్నమ్మా. డెల్బర్ట్ కాటా మీద బండి ఎలా ఆపాడు?"

"ఎలా ఆపుతారు, బ్రేకేసి ఆపుతారు."

"నెట్టి, ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ ఆపాడా?"

గ్లెన్నాకి ఆ మాట తగిలింది. "డెల్బర్టా? గీత మీద గీతలా పెట్టాడు. నా కాటా పలక పొట్టిది, ఒక జానెడు దాటినా తూకం తప్పుతుంది. కుర్రాళ్ళు నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ లాగుతారు. ఆయన ఎప్పుడూ ఒక్కసారికే, గుడ్ల బుట్ట దించినట్టు మెత్తగా ఆపుతాడు. ఆ రోజూ అంతే."

"లోడుతో?"

"లోడు లేకుండా కాటా ఎందుకు ఎక్కుతాడు, నీ మొహం."

హార్లన్ ఊపిరి వదిలాడు. నిండు లోడు బండిని గుడ్ల బుట్టలా దించాలంటే డబ్బాలో వాక్యూమ్ నిండుగా ఉండాలి. అంటే కాటా ఎక్కేసరికి లావు గొట్టం దాని చోటే ఉంది. ఓర్వల్ బయటపడ్డాడు. ఆ మాట చాలు, సార్జెంట్‌కి ఫోను చేయవచ్చు. ఇక్కడితో ఆపి లేచిపోతే ముసలాయన ఇంటికెళ్తాడు, మేకు ఎవరిదో తెలియని మేకుగానే ఉండిపోతుంది.

అతను లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"చీటీ కోసం లోపలికొచ్చాడు కదా. ఇంజను ఆపాడా?"

"ఈ ఎండల్లో ఎవడాపుతాడు?"

"ఆ కాసేపట్లో బయట ఎవరైనా ఉన్నారా?"

గ్లెన్నా శాండ్‌విచ్‌ని కాగితంలో చుట్టింది. తినాల్సింది ఇంకా సగముంది.

"చూడు హార్లన్. ఆ కాలువ నీళ్ళు నేనూ రెండు రాత్రులు వాడుకున్నాను. అందరూ ఏదో కాస్త వాడుకున్నవాళ్ళే. నేను నోరు తెరిస్తే ఎవరెవరి తూములో బయటికొస్తాయి. పైగా ఎవరి గురించి చెప్పాలో, ఎవరితో చెప్పాలో..." ఆమె ఆగింది. "నువ్వు రాకుండా వేరే ఎవరైనా వచ్చుంటే బాగుండేది."

"నేనే వచ్చాను."

"డెల్బర్ట్ ఇదిగో ఇక్కడే నిలబడ్డాడు. చీటీ రాస్తున్నాను. బయట ఇంజను ఉన్నట్టుండి దగ్గింది. ఆగిపోతుందేమో అన్నంతగా గిలగిల్లాడి, మళ్ళీ సర్దుకుంది. 'చూశావా, పొద్దున్నే ఓర్వల్‌కి డబ్బులిచ్చాను, ఇంకా దగ్గుతూనే ఉంది' అని నవ్వాడాయన. ఆ నవ్వు నాకు..."

బయట హార్లన్ పికప్ ఇంజను దగ్గింది.

ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. ఇంజను ఒక్కసారిగా కుంగి, వణికి, ఇక ఆగిపోతుందనగా, మళ్ళీ ఊపిరి అందినట్టు నిలదొక్కుకుని ఎప్పటిలాగే తిరగసాగింది. గొట్టం పీకినప్పుడు దగ్గుతుంది. దాని మూతికి బిరడా పడగానే సర్దుకుంటుంది. తర్వాత బానెట్ దించిన చిన్న చప్పుడు.

"ఇలాగే," అంది గ్లెన్నా. "అచ్చం ఇలాగే."

హార్లన్ వాకిట్లోకి వచ్చేసరికి కాటా దగ్గర ఎవరూ లేరు. బేరి చెట్ల వరసల మధ్య ఒక వీపు దూరమవుతోంది. పరుగెత్తడం లేదు. తోట చూసుకునే మనిషిలా, కొమ్మలు తప్పించుకుంటూ నడుస్తోంది. ఆ ఎడమ భుజం వాలు హార్లన్‌కి చిన్నప్పటినుంచీ తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు గడ్డివాము మీదనుంచి దూకి విరగ్గొట్టుకున్న భుజం అది; డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళింది తనే.

వెనకే వచ్చిన గ్లెన్నా కూడా చూసింది. "ఆ రోజూ అతనే," అంది.

హార్లన్ పిలవలేదు. బానెట్ ఎత్తాడు. లావు గొట్టం డబ్బా దగ్గర ఊడి ఉంది. దాని మూతిలో తెల్ల మేకు, తల కింద నీలి గీత. జిగురు లేదు. ఇంజను దాన్ని లోపలికి పీల్చి గట్టిగా బిగించుకుంది.

కోర్టుకి దిగి ఉంటే షెడ్డు గేటు దగ్గర ఒక తొక్కు. రోడ్డెక్కేచోట రెండోది. మూడోది ఘాట్‌లో, డెల్బర్ట్ పడిన మలుపులోనే.

అతని చెయ్యి గొట్టం మీదికి వెళ్ళింది. ఒక్కసారి లాగితే మేకు ఊడి వస్తుంది. గొట్టం దాని చోట తగిలిస్తే పని అయిపోయింది. ఈ మేకుని బూడిద పెట్టెలో మిగతా మేకుల్లో కలిపేస్తే ఏది ఏదో దేవుడు కూడా చెప్పలేడు. కాటా మీద బండి మెత్తగా ఆగిందని గ్లెన్నా చెబితే ఓర్వల్ బయటపడతాడు. రాయిస్ భయపడి ఇంకెప్పుడూ ఎవరి జోలికీ పోడు. అటూ ఇటూ సమానమయ్యే బేరం. ఇరవై ఏళ్ళలో ఇంత నున్నటి బేరం అతనికి ఒక్కటి కూడా రాలేదు.

అయితే ఇందులో డెల్బర్ట్ ఏ పక్కకీ రావడం లేదు. హార్లన్ వంటింట్లో కూర్చుని, నీకు ముందే చెప్పడం న్యాయమనిపించిందన్న మనిషి.

హార్లన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏదీ ముట్టుకోకుండా బానెట్ దించి, కాటా గదిలోకి వెళ్ళి ఫోను ఎత్తాడు.

"ఎస్పినోజా."

"నేను, టీగ్‌ని. కాటా మీద బండి లోడుతో సరిగ్గా ఆగింది. గ్లెన్నా సాక్ష్యం చెబుతుంది. ప్రాసిక్యూటర్‌కి చెప్పి ముసలాయన సంతకం ఆపించండి."

"బాగానే పట్టారే బేరంగారూ. అయితే మేకు కాటా దగ్గరే..."

"అవును. మీరు వెంటనే ఇక్కడికి రావాలి. వేలిముద్రలు తీసేవాళ్ళని కూడా తీసుకురండి. నా బండికి కూడా అదే మేకు పెట్టారు, ఇప్పుడే. నేను దాన్ని ముట్టుకోలేదు. వారంటు అక్కర్లేదు, బానెట్ నేనే ఎత్తి చూపిస్తాను. మిగతా గొట్టాలు కూడా చూసుకోండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఎవరో చూశారా?"

"చూశాను. మా తమ్ముడు."

ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. "హార్లన్, డెల్బర్ట్ గురువారం దిగుతున్నాడని రాయిస్‌కి ఎలా తెలిసింది?"

కిటికీలోంచి అతనికి తన బండి కనిపిస్తోంది. ఎండలో, కాటా పక్కన, ఏ లోపమూ లేని బండిలా ఇంజను సమంగా తిరుగుతోంది.

"నేను చెప్పాను," అన్నాడు హార్లన్. "ఏ గొట్టం బ్రేకులదో కూడా నేనే చూపించాను."